మేడ లేని మెట్లు

కూర్మనాథం ఢిల్లీ జంతర్ మంతర్ పటం కొని, ఎదురింటికి కనబడేలా అరుగు గోడకు తగిలించాడు. పటంలో ఎర్రటి మెట్లు ఆకాశంలోకి ఎక్కి ఆగిపోయాయి.

ఎదురింటి సన్యాసిరావు మండిపడుతూ వచ్చాడు. అతను మెట్లు కట్టాడు గానీ, మేడ లేవలేదు. పూండి ఊరంతా నవ్వుతోంది.

"ఏటి బావా, నన్ను ఎక్కిరిత్తన్నావా? దించు."

"మెట్లన్నీ నీవేనేటి? ఇవి రాజు కట్టించినవి. పైన గదుండదు. నీడ సూసి పొద్దు సెప్తారు."

"రాజే?"

"రాజే."

సన్యాసిరావు పటం లాక్కుని పోయాడు. పగలగొడతాడేమోనని కూర్మనాథం కర్ర వెతుక్కుని వెనకే వెళ్లాడు.

అప్పటికే పటం సన్యాసిరావు మెట్ల పక్కన గోడకు వేలాడుతోంది. అతను పై మెట్టు మీద కూర్చుని సంతకు పోయేవాళ్లను కేకేస్తున్నాడు.

"రాజు కట్టినట్టే కట్టాను, సూడండి. ఆ కూర్మనాథానికి ఎక్కడానికి ఒక్క మెట్టయినా నేదు."