షెడ్డు తాళంచెవి

కుట్టుమిషన్లన్నీ ఆపించి ఓనరు బల్లెక్కాడు.

"రేపు ఆ సోషలిస్టులకి ఓటేశారంటే మార్కెట్ కుప్పకూలుతుంది. డబ్బు చిత్తుకాగితమవుతుంది. నేను ఈ షెడ్డుకి తాళమేసి నా దారి నేను చూసుకుంటా. తర్వాత మీ ఖర్మ!"

అందరూ తలలు దించుకున్నారు. కాలర్లు కుట్టే అమ్మాయి మాత్రం లేచి నిలబడింది.

"అలాగే వెళ్ళండి సార్. తాళంచెవి మాత్రం ఇచ్చి వెళ్ళండి. కుట్టేది మేమేగా!"

షెడ్డంతా గొల్లున నవ్వింది. ఓనరు ముఖం కందగడ్డయింది. బల్ల దిగి, ఆమె మిషన్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"ఎవరికోసమే నా తాపత్రయమంతా? ఎప్పటికైనా ఆ తాళంచెవి నీదే కదే, పిచ్చిమొద్దూ!"

"తెలుసు నాన్నా."

పని నేర్చుకున్నంతకాలం 'సార్' అనే పిలవాలన్న ఆయన రూలును అందరికీ వినపడేలా మీరింది.

"నా చేతికొచ్చిన రోజే వీళ్ళందరికీ తలా ఒకటి చేయిస్తా."