మెచ్చేదాకా మారే పాట

పత్రికలకు సంగీత సమీక్షలు రాసే సువర్చల, విశాఖలోని తన వంటింట్లో వంకాయలు తరుగుతూ మూడు వందల ఏళ్ల నాటి ఇటాలియన్ ఒపెరా కొత్త రికార్డింగు వింటోంది. ఆ పాటల నాటకంలో రాణి పాత్ర పాడింది ఆమె మేనకోడలు మైథిలి.

"మొహమాటం లేకుండా రాయత్తా. ఇంకో పాత్ర రావాలంటే నీ మాటే నాకు దిక్కు" అని ఆ పిల్ల మరీ మరీ చెప్పింది.

వయొలిన్లు తాళం మించి పరుగెత్తాయి. సువర్చల ముఖం చిట్లించగానే నెమ్మదించాయి. అప్పటికి వస్తున్న కొత్త రికార్డింగులన్నీ అంతే, యంత్రం వినేవాళ్ల ముఖం చూసి, మెచ్చేదాకా పాటను మార్చేది. పైస్థాయిలో మైథిలి గొంతు బిగుసుకుంది. సువర్చల నొసలు ముడిపడేలోపే అది తేనెలా జారింది. ఎవరో కాళ్లు నాకుతున్నట్టు ఆమెకు ఒళ్లు జలదరించింది.

"ఛీ! తప్పు పట్టనివ్వని పాటకు తీర్పేమిటి?" అని ఆపేసి, మైథిలిని ఇంటికి పిలిపించింది.

"యంత్రం వద్దు. నా ఎదుట పాడవే."

మైథిలి వంటింట్లోనే నిలబడి రాణి పాట ఎత్తుకుంది. పైస్థాయిలో గొంతు పెళుసుగా పలికినా, అందులో మోసపోయిన రాణి కోపం నిజంగా ఉంది. ఆ వేడికి కదిలిపోయి సువర్చల నొసలు ముడిపెట్టింది. మైథిలి అది చూసి, చటుక్కున స్వరం మెత్తబరిచి నవ్వింది.

"ఇప్పుడు బాగుందా అత్తా?"

సువర్చల చేత్తో ముఖం కప్పుకుంది.

"నా మొహం చూడకు! గోడవైపు తిరిగి పాడు."

మైథిలి తిరిగింది. ఎవరి ముఖమూ కనబడని ఆ గోడ ముందు ఆమెకు గొంతు పెగల్లేదు.