కంట్లో నూక

ఊళ్లో దాదాపు అందరి కళ్లకూ వెలుగు పెంచుకునే లెన్సులు వచ్చేశాయి. చెవి వెనకున్న మీట జరిపితే చాలు, చీకటి గది కూడా పట్టపగల్లా కనిపిస్తుంది. ఇంక వీధి దీపాలెందుకని ఆ పొద్దునే మునిసిపాలిటీవాళ్లు స్తంభాలతో సహా పీక్కుపోయారు.

పొద్దు గూకాక, స్టవ్ మీద పాలు పెట్టి, ఆరిన బట్టల కోసం మేడెక్కింది నాంచారి. మీట పైకి జరిపింది. తీగ మీది చీరలు కనిపించాయి గాని, వాటి నిండా నూక చల్లినట్టు తెల్లటి మచ్చలు. వెలుగు మరీ పెంచితే అలా పడడం మామూలే. తగ్గించింది. చీరల మీది నూక పోయింది. ఒక చీర తీసుకుని తలెత్తితే పైన మాత్రం అలాగే ఉంది. మీట సున్నాకు దించింది. చీరలే మాయమయ్యాయి గాని, ఆ నూక చెక్కుచెదరలేదు.

కళ్లు నులుముకుంది. మగ్గం మీద పూసలు కుట్టి బతికే మనిషికి కంట్లో మచ్చలు పడితే ఇంకేముంది?

"అత్తా, నా కళ్లు పాడైపోయినయ్! పైకి చూస్తే అంతా నూకే!"

లెన్సులు వద్దని మొండికేసిన పేరిందేవి గోడ తడుముకుంటూ మెట్లెక్కి వచ్చింది. కోడలు చూపించిన వైపు తలెత్తింది.

"నా కంట్లో ఏ లెన్సూ లేదు గదే," అంది. "మరి నాక్కూడా కనపడతన్నయ్యేంటే? పిచ్చిదానా, అయ్యి చుక్కలు! ఇన్ని ఉన్నాయటే పైన!"

పుట్టి బుద్ధెరిగాక ఆకాశంలో నాలుగైదు చుక్కలకు మించి చూడని నాంచారి చేతిలోంచి చీర జారిపోయింది.

కింద పాలు పొంగి మాడిన వాసన మేడ మీదికి వచ్చింది. ఇద్దరిలో ఒక్కరూ కదల్లేదు.