దారమిచ్చిన పిల్ల

“గోదారి నడుమ కూడ గా దారమేనా? నలుగురు జూస్తరు. లోపట పెట్టు,” అని విసుక్కున్నాడు దశరథం.

కనకవ్వ పెట్టలేదు. ఒళ్లోని నూలు చిక్కు విప్పుకుంటూ ఉండ చుడుతూనే ఉంది. సిరిసిల్లలో ఆమె ఆరేళ్లు మగ్గాలకు నూలు కండెలు చుట్టింది. ఆ కండెల మీదే ఆయన మెట్రిక్ నుంచి ఎం.ఏ. దాకా నడిచి వచ్చాడు. ఇప్పుడు హైదరాబాదులో ఇంగ్లీషు లెక్చరరు. రేపు పొద్దున పదింటికి పోయి చేరకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరిది. ఆర్డరు కాగితం, కొత్త కోటు ఇనుప పెట్టెలో భద్రంగా ఉన్నాయి.

ఎండలకు గోదావరి రెండు పాయలై, నడుమ ఇసుక తిప్ప తేలింది. మొదటి పాయ దాటించిన పడవ మొగుడూపెళ్లాలను ఆ తిప్ప మీద దింపి వెనక్కి పోయింది. రెండో పాయకు అంతయ్య పడవ రావాలి. ఈ రోజుకు అదే ఆఖరుది. అవతలి ఒడ్డున ఆమె తల్లిగారి ఊరు. ఆమెను అక్కడ దింపి, ఆయన మంచిర్యాలలో రైలెక్కాలి.

“మళ్ల ఎప్పుడొస్తవు నన్ను తీసుకపోను?”

“జర కొన్నొద్దులు పోనీ.”

“కొన్నొద్దులంటే?”

“ఆడ ప్రొఫెసర్ల భార్యలుంటరు. వాళ్ల నడుమ నువ్వు ఇమడవు. నీ మంచికే చెప్తున్న.”

ఆమె ఇంకేదో అడగబోయింది. మాట మార్చాలంటే ఆయనకు ఎప్పుడూ ఒక ఇంగ్లీషు మాట సిద్ధంగా ఉంటుంది. పొద్దున బస్సులో ‘పానిక్’ అనే మాట అయింది. గ్రీకుల దేవుళ్లలో పాన్ అని మేక కాళ్లవాడు ఒకడున్నాడట. పగటి నిద్ర చెడగొడితే కేక పెడతాడట. ఆ కేకకు పుట్టిన హడలే పానిక్. ఇప్పుడు ఆయనకు ఆమె చేతిలోని ఉండ దొరికింది.

“గిదేందో ఎరుకేనా?”

“నూలు ఉండ.”

“క్లూ! దొంగను పట్టిచ్చే ఆనవాలును పోలీసులు క్లూ అంటరు గదా. వెనుకట ఇంగ్లీషుల ఆ మాటకు దారపుండ అనే అర్థం.”

ఎవరూ అడగకుండానే కథ మొదలుపెట్టాడు. క్రీటు రాజు చిక్కుదారుల కోట కట్టించాడు. లోపల ఎద్దు తల రాక్షసుడు. పోయినవాడు తిరిగి రాడు. థీసియస్ అనే రాకుమారుడు వస్తే, రాజు బిడ్డ అరియాడ్నె మనసుపడి దారపుండ ఇచ్చింది. వాడు కొస గడపకు కట్టి, ఉండ విప్పుకుంటూ పోయి, రాక్షసుణ్ణి చంపి, ఆ దారం పట్టుకునే బయటపడ్డాడు.

“అట్ల దారపుండ కాస్తా దారి చూపే గుర్తయింది,” అని క్లాసు ముగించాడు.

“దారమిచ్చిన పిల్ల?”

“ఏ పిల్ల?”

“గదే, అరియమ్మ.”

“అరియాడ్నె. మాట పుట్టుకకు ఆమెతోటి పని లేదు.”

“ఎందుకు లేదు? దారం ఆమెది. ఏమైందామె?”

దశరథం నీళ్లవైపు చూశాడు. “ఇద్దరు పడవెక్కి పోయిండ్రు. నడుమ ఒక దీవిల ఆగిండ్రు. ఆమె నిద్రపోయింది. ఆయన పడవెక్కి పోయిండు.”

ఉండ చుట్టే చేతులు ఆగాయి.

“పానం కాపాడినదాన్ని ఇడిసిపెట్టి?”

“మూడు వేల ఏండ్ల ముచ్చట. నీకెందుకు గింత మంట?”

“వాని కాళ్లిరగ! వాని నోట్లె మన్నువడ!” తిప్ప మీది కొంగలు లేచిపోయాయి. “పడవ తాడు ఇప్పుతుంటె మెలకువ రాలేదా? గంత మొద్దు నిద్రనా ఆమెది?”

“అలిసిపోయి ఉంటది. కడుపునిండ తిని ఉంటది. నాకేమెరుక?”

“వాడు నడిసిపోతె చప్పుడన్న కాలేదా?”

“ఇసుకల చప్పుడేంది?” నవ్వాడాయన.

“పడవోళ్లన్న అడగలేదా, పిల్లేదని?”

“ఎవడడుగుతడు? పెట్టె పట్టుకొని ఎక్కినోడే యజమాని.”

“తర్వాత వానికి శిక్ష పడలేదా?”

“శిక్షనా! రాజయిండు.”

కనకవ్వ పళ్లు నూరింది. తిట్లు మాత్రం ఆగిపోయాయి. తిట్లు ఆగిన తర్వాతి కోపం గురించి ఎం.ఏ.లో పాఠం లేదు.

సద్దిమూట విప్పి పెరుగన్నం, మామిడికాయ తొక్కు ఆయన ముందు పెట్టింది.

“నువ్వు తినవా?”

“కోపంతోటే కడుపు నిండింది. నా వంతు కూడ నువ్వే తిను.”

తిన్నాడు. పడవవాళ్లు వేసుకున్న ఆకుల పందిరి కింద కాస్త నీడ ఉంది. “పడవకు ఇంక చానా పొద్దుంది. జర ఒరుగు. నేను మెలకువతోనే ఉంట. అంతయ్య రాంగనే లేపుత,” అన్నాడు దశరథం, ఆవులింత ఆపుకుంటూ.

కనకవ్వ దారపుండ తల దగ్గర పెట్టుకొని పక్కకు తిరిగి ఒరిగింది. ఇసుక మీద ఉడుకు గాలి వీస్తోంది.

పొద్దు వాలుతుండగా అంతయ్య పడవ ఆనింది. ఇనుప పెట్టెను ఎత్తి లోపల పెట్టాడు. పందిరివైపు చూశాడు.

“గా పండుకున్నోళ్లను లేపొద్దా?”

“ఊకో! పగటి నిద్ర చెడగొడితే పానిక్ అయితది,” అని మెల్లగా జవాబు వచ్చింది.

“ఇయ్యాల్టికి గిదే ఆఖరు పడవ మల్ల.”

“ఎరుకనే. తాడిప్పు.”

పెట్టె ఉన్నవాళ్లను అంతయ్య మాత్రం ఏమడుగుతాడు? తాడు విప్పి తెడ్డు వేశాడు. పడవ నడి నీళ్లలోకి పోయింది. పందిరి కింద, నిద్రపోతున్న చేతి పక్కన దారపుండ ఒక్కటే మిగిలింది.

ఇసుకలో దశరథం గురక పెడుతున్నాడు.