కంకర దారికి బరువు

నా కొడుకు పోయినప్పటి నుంచి నేను గడప దాటలేదు. ఆ రోజు కోడలు సులోచన చౌడేపల్లెకు కుట్టుపనికి పోతూ వాకిట్లో సైకిల్ ఆపింది.

"అడవిలో అంతా కంకర దారి అత్తా. ఖాళీ సైకిల్ జారతాండాది. ఎనక బరువు కావల్ల. నువ్వొచ్చి కూర్చో."

"ఇసక మూట కట్టుకో పో."

"మూటకు కబుర్లు రావు గదా."

పిల్ల ఎక్కడ పడుతుందోనని భయపడి ఎక్కాను.

రాళ్ల మీద ఎగిరెగిరి పడ్డాం. నడుము విరుగుతోందని తిట్టాను. మూటైతే తిట్టేది కాదని నవ్వింది. నా కొడుకు రోజూ పోయిన దారి అది. చెట్లన్నీ చిగురేసి ఉన్నాయి.

మిట్ట దగ్గర దిగి నడిచాను. సులోచన ఒక్కతే కంకర మీద మిట్టెక్కి, మలుపు తిరిగి, నాకోసం ఆగింది. చక్రం ఒక్కసారి కూడా జారలేదు.

"ఏమే, నేను లేకున్నా బాగానే పోతివే" అన్నాను.

తను తల దించుకుంది.

"నువ్వు మాత్రం ఏం బరువుండావత్తా. తిండి మానేసి పుల్ల మాదిరి అయిపోతివి."

మళ్లీ ఎక్కి, దాని నడుము పట్టుకున్నాను.

"పద. రేపు ఇంకో ముద్ద సంగటి తినొస్తాలే."