సాహిత్య చేసిన కాటా

కిలో ఉప్పు ప్యాకెట్టు పెట్టగానే కాటా మీద ఎర్ర అంకెలు గబగబా పరిగెత్తి, ఎనిమిది వందల గ్రాముల దగ్గర ఆగిపోయాయి.

ముందు వరుసలో కాలు మీద కాలేసుకుని కూర్చున్న వెంకటరామారావు మొహం మాడిపోయింది. కాటా చేసిన తొమ్మిదో తరగతి సాహిత్య ఆయన కూతురు.

“ఉప్పు కంపెనీవాడు దొంగ. ఇంకోటి పెట్టండి,” అన్నాడు.

శారద చక్కెర ప్యాకెట్టు పెట్టింది. అదీ కిలోదే. మళ్లీ ఎనిమిది వందలే. ఆమె పాల్వంచ నుంచి బస్సులో వచ్చి, భద్రాచలం అడవి అంచున ఉన్న ఈ హైస్కూల్లో బడి వదిలాక పిల్లలకు మోటార్లూ సెన్సార్లూ నేర్పిస్తోంది. ఇవాళ పిల్లలు తాము చేసినవి పెద్దవాళ్లకు చూపించే రోజు. బాగా చేసిన ఒకరిని హైదరాబాదు పోటీకి పంపిస్తారు. ఆ ఒక్కరూ తన కూతురేనని వెంకటరామారావు వారం ముందే ఊరంతా చాటింపు వేశాడు.

వచ్చిన దగ్గర్నుంచీ ఆయన ప్రతిదానికీ పెదవి విరుస్తూనే ఉన్నాడు. పోతయ్య కొడుకు, చేలోకి అడవిపందులొస్తే మోగే సైరన్ చూపించాడు. పంది దాన్ని కూడా నమిలి పోతుందన్నాడు ఈయన. ఆదెమ్మ మనవరాలు, ట్యాంకు నిండగానే మోటారు ఆగిపోయే ఏర్పాటు చూపించింది. ముందు మీ గూడేనికి నీళ్లు రానివ్వమ్మా అని నవ్వాడు. ఆయన నవ్వితే పక్కవాళ్లు నవ్వాలి, అది ఆ ఊరి రివాజు. అడవి జనం తెచ్చే చింతపండూ ఇప్పపువ్వూ సంతలో కొని, వాళ్లకే ఉప్పూ పప్పూ అమ్మి మేడ కట్టిన మనిషికి ఇంకొకరి చేతిపని కంటికి ఆనుతుందా?

ఇప్పుడు నవ్వడం వాళ్ల వంతు. కానీ ఎవరూ నవ్వలేదు. రేపు సంతలో మళ్లీ ఆయన ముందే గంప దించాలి కదా. ఆ మౌనం కూడా ఆయనకు ఎగతాళిలాగే తోచింది. ఎవరో ఒకరి మీద విరుచుకుపడాలి. వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ ఆదెమ్మ దొరికింది.

“ఏం ఆదెమ్మా, ఈ కాటా నీ చింతపండు లాంటిదేనే. ఇంటి దగ్గర అయిదు కిలోలంటావు, నా దగ్గరికొచ్చేసరికి నాలుగవుతుంది.”

హాలంతా గొల్లుమంది. ఆదెమ్మ కొంగు సర్దుకుంది.

“రేషన్ దుకాణంల కాటా మీద జోకిచ్చుకొనే తెస్తి సేటూ. అయిదు ఉండె. తొవ్వల ఎండకు ఆరిపోయిందని నువ్వే అంటివి గద,” అంది మెల్లగా.

“ఆరదా మరి? పచ్చి సరుకు తెచ్చి నా నెత్తిన రుద్దుతారు,” అని, ఆయన శారద వైపు తిరిగాడు. ఇన్నాళ్లూ బడి అయ్యాక పిల్లల్ని కూర్చోబెట్టి నేర్పిన ఘనకార్యం ఇదేనా అని అడిగాడు. ఈ తీగలూ డబ్బాలూ తిండి పెట్టవని, రేపట్నుంచి సాహిత్య ఇటు రాదని, నేరుగా ట్యూషన్‌కి పోతుందని అందరి ముందూ ప్రకటించేశాడు.

సాహిత్య కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ కాటా కోసం ఆ పిల్ల వేళ్లు కాల్చుకుంది. తీగలు అతికించడం, విప్పడం, మళ్లీ అతికించడం. ఇంటికి పొమ్మన్నా పోయేది కాదు. పరువు తప్ప ఇంకేమీ కనపడని తండ్రికి అదెక్కడ పడుతుంది?

శారదకు మాత్రం మనసు ఒప్పుకోలేదు. అరకిలో పప్పు ప్యాకెట్టు పెట్టి చూసింది. నాలుగు వందలు. తీసి మళ్లీ పెట్టింది. నాలుగు వందలే. ఆమె మొహం విప్పారింది.

“కాటాలో లోపమేం లేదండీ. చెడిపోయినదైతే ఒకసారి ఒకలా, ఇంకోసారి ఇంకోలా చూపిస్తుంది. ఇది నిలకడగా అయిదో వంతు తక్కువ చూపిస్తోంది. అమ్మాయి పని పక్కాగా చేసింది.”

“పక్కానా? కిలోని ఎనిమిది వందలు చేసి చూపిస్తుంటే పక్కా అంటారేంటండీ?”

“యంత్రానికి సొంత తెలివి ఉండదండీ. ఇది కిలో అని మనం మొదట ఒక బరువు పెట్టి చూపించాలి. ఇక అది బతికినన్నాళ్లూ దాన్నే కిలో అనుకుంటుంది. బడిలో తూకం రాయి లేదు. అందుకే ఇంటి దగ్గర సరిచూసుకురమ్మన్నాను. అక్కడ ఏదో తప్పు బరువు పెట్టినట్టుంది.”

వెంకటరామారావుకు పోయిన ప్రాణం లేచొచ్చింది. తప్పు టీచరుదీ కాదు, కాటాదీ కాదు, బుద్ధిలేని పిల్లది. పిల్లదైతే అరిచి సరిపెట్టొచ్చు. లేచి నిలబడి, వెనక గోడ దాకా వినపడేలా గొంతు పెంచాడు.

“తూకం మీద బతికే ఇంట్లో పుట్టి, కిలో అంటే ఏంటో తెలీదంటే సిగ్గుచేటు కాదా? అడవిలోంచి వచ్చినవాళ్లకు తెలీదంటే అర్థముంది. నీకేమొచ్చింది? దేన్ని పెట్టి చచ్చావు దాని మీద? నోరు తెరిచి అందరికీ చెప్పు.”

సాహిత్య మోచేత్తో కళ్లు తుడుచుకుంది.

“మన కొట్లో కిలో రాయే పెట్టాను నాన్నా,” అంది వెక్కుతూ. “సరుకు అమ్మే రాయితో ఎవరికో తూస్తున్నారని, సరుకు కొనే రాయి పెట్టాను.”