అందుకున్నది ఎవరు?

"అక్కా, సరుకు ఎవరు అందుకున్నారో చెప్పకపోతే ఇది నీ లెక్కల్లోకి ఎక్కదు," అన్నాడు నరిన్. ఫ్యాక్టరీ కొనుగోళ్ల సాఫ్ట్‌వేర్‌ని అకౌంట్స్‌తో కలపడానికి బ్యాంకాక్ నుంచి వచ్చిన అతను పొద్దుటి నుంచీ ఒక్క ఆర్డర్ దగ్గరే ఆగిపోయాడు.

"ఏం సరుకురా?" అంది అకౌంట్స్ చూసే ఒరసా.

"గేటు దగ్గరి చిన్న గుడిలో, ఈ స్థలాన్ని కాచే దేవుడికి. రోజూ బంతిపూల దండ, ఎర్ర సోడా, చక్కెర లేని ఐసు కాఫీ."

ఒరసా నవ్వింది. "ఆయనకి తీపి తప్ప ఏదీ పడదు. చేదు కాఫీ పెడితే అలిగి మిషన్లన్నీ ఆపేస్తాడు. ఎవడు పెట్టాడా ఆర్డరు?"

"కొనుగోళ్లు చూసిన సవాంగ్ బాబాయ్. పోయే ముందు రోజు, ఆస్పత్రి మంచం మీంచి ఫోన్లో ఆ కాఫీ చేర్చినట్టు ఇందులో రాసుంది."

ఒరసా నవ్వు ఆగిపోయింది. ఇన్నేళ్లూ పక్కనే, బాబాయ్ కుర్చీలోంచి వచ్చిన వాసన ఆ చేదు కాఫీదే.

లేచి గేటు దగ్గరికి వెళ్లింది. దేవుడి ముందు స్ట్రా వేసిన సోడా సీసా నిండుగానే ఉంది. కాఫీ గ్లాసులో మాత్రం ఐసు ముక్కలే మిగిలాయి. మిట్టమధ్యాహ్నపు ఎండలో అవింకా కరగలేదు.

తిరిగొచ్చి చెప్పింది.

"వాచ్‌మన్ తాగేసుంటాడులే," అన్నాడు నరిన్.

"చక్కెర లేకపోతే వాడికి గొంతు దిగదు." ఒరసా కూర్చుంది. "అందిందని కొట్టు."

"ఎవరి పేరు పెట్టను?"

ఆమె ఖాళీ కుర్చీ వైపు తిరిగింది.

"బాబాయ్ పేరే పెట్టు. సాఫ్ట్‌వేర్‌లోంచి ఇంకా తీసెయ్యలేదుగా."